పిన్ను ఎగిరిందా? సుత్తి పట్టకండి!

వెండితెరమీద హీరో గిటారు పట్టుకుంటే తీగ తెగదు, శ్రుతి తప్పదు, పిన్ను ఊడదు. అదంతే, సినిమా! 'యాదోఁ కీ బారాత్' (1973)లో జీనత్ అమన్ చేతిలో గిటారు చూసి కుర్రకారు మోజుపడింది. ఆ సినిమానే తెలుగులో 'అన్నదమ్ముల అనుబంధం' (1975)గా తీశారు. ఇక ఇళయరాజా సంగతి చెప్పాలా? సంగీత దర్శకుడు కాకముందు ఆయన మద్రాసులో సలీల్ చౌదరి దగ్గర గిటారు వాయించినవాడే. 'గీతాంజలి' (1989) పాటలు వాయించాలని ఉబలాటపడని గిటారు కుర్రాడు ఉంటాడా?

కానీ ఇంట్లో కూర్చుని తీగ బిగిస్తుంటే 'టప్'మని పిన్ను ఎగిరి మంచం కిందికి దూరిందనుకోండి... అప్పుడు ఏ సినిమా పాటా గుర్తురాదు. వెంటనే చేతికొచ్చేది సుత్తి. లేదంటే ఫెవికాల్. ఈ రెండూ గిటారుకి శత్రువులే. పిన్నుల ఖరీదెంత? కొద్ది రూపాయలు. వాటిని సుత్తితో కొట్టి బ్రిడ్జి చీల్చుకుంటే పోయేది, నెలల తరబడి దాచుకున్న డబ్బుతో కొన్న గిటారు.

బందరు పక్కన చిలకలపూడి పేరు వింటే అందరికీ రోల్డుగోల్డు నగలే గుర్తొస్తాయి. పైన పల్చటి బంగారం, లోపల వేరే లోహం. మెరిసేది పైపొర, బరువు మోసేది లోపలిది. గిటారు పిన్ను సంగతీ అచ్చం ఇంతే. పైకి ముత్యంలా కనబడే తలకాయ ఒట్టి అలంకారం. అసలు కథ పెట్టె లోపల, చీకట్లో జరుగుతుంది.

బ్రిడ్జి అంటే మన వీణకి గుర్రం ఉన్నట్టు అన్నమాట. కాకపోతే గిటారులో తీగలు దాన్లోకే దిగుతాయి. తీగ చివర చిన్న ఇత్తడి గుండు ఉంటుంది. బ్రిడ్జి కింద, పెట్టె లోపలివైపు, ఒక గట్టి చెక్క పలక అతికించి ఉంటుంది. గుండు వెళ్ళి ఆ పలకని కిందనుంచి పట్టుకోవాలి. పిన్ను చేసేదల్లా గుండు మళ్ళీ రంధ్రంలోంచి జారిపోకుండా పక్కకి నెట్టి ఉంచడమే! ఆరు తీగల లాగుడూ కలిపితే 70 కిలోల పైమాటే. ఇంత ప్లాస్టిక్ పుల్ల అంత బలాన్ని బిగువుతో ఆపుతుందా చెప్పండి?

అందుకే పిన్ను ఎగిరితే తప్పు చాలావరకు పిన్నుది కాదు. గుండు పలకని పట్టుకోకుండా పిన్ను మొన కింద కూర్చుంది. తీగ బిగిసేకొద్దీ గుండు పైకొస్తుంది, పిన్నుని తన్ని తగలేస్తుంది.

మందు సులువే. తీగని పూర్తిగా వదులు చెయ్యండి. పిన్ను రాకపోతే పెట్టెలోకి చెయ్యిపెట్టి, ఓ నాణెంతో కిందనుంచి నెట్టండి. గుండుకి కాస్త పైన తీగని కొద్దిగా వంచండి. రంధ్రంలో దింపి, పిన్ను గాడి తీగవైపు ఉండేట్టు పెట్టి, బొటనవేలితో తేలిగ్గా అదిమి, రెండో చేత్తో తీగని పైకి లాగండి. గుండు పలకకి తగిలి ఆగినట్టు వేలికి తెలుస్తుంది. అప్పుడు మేకు తిప్పండి. అనుమానముంటే చిన్న అద్దం లోపల పెట్టి, సెల్‌ఫోన్ లైటు వేసి చూడండి. గుండు పిన్ను పక్కన ఉండాలి, కింద కాదు. అన్నట్టు, ఆరు పిన్నులూ కలగాపులగం చెయ్యకండి. ఏ రంధ్రానికి అలవాటుపడ్డ పిన్ను దానికే.

ఇంత చేసినా పిన్ను గిలకలా ఆడుతోందా? అప్పుడే అది నిజంగా వదులు. ఆ పూటకి సన్నకాగితం ఒక చుట్టు చుట్టి పెడితే గడుస్తుంది. అంతకంటే మేలు, పిన్నుని బయటే ఉంచి దాని కాడకి సూపర్ గ్లూ పల్చగా పూసి, బాగా ఆరాక గరుకు కాగితంతో రుద్ది, సరిపోయేదాకా సరిచూసుకోవడం. తడి ఉండగా రంధ్రంలో పెడితే మాత్రం మళ్ళీ మీ చేతికి రాదు! కొత్తవి కొనేటప్పుడు ఏటవాలు చూడండి. 3 డిగ్రీలవి, 5 డిగ్రీలవి వేరు. 5 డిగ్రీల పిన్ను 3 డిగ్రీల రంధ్రంలో మెడ దగ్గర మాత్రమే పట్టి, కింద వేలాడుతుంది. ఇత్తడి పిన్నులూ ఉన్నాయి, బాగా బరువు. గాజులకీ గొలుసులకీ ఆకురాయి పట్టే చిలకలపూడి చేతులకి అలాంటి పిన్ను సానబట్టడం ఓ లెక్కా అనిపిస్తుంది నాకు.

గుళ్ళు కొరికి కొరికి పలక రంధ్రమే పెద్దదైపోతే అది ఇంట్లో అయ్యే పని కాదు. రిపేరు తెలిసినవాళ్ళు గట్టి చెక్క అతికి మళ్ళీ రంధ్రం వేస్తారు. ఇంకొక్కటి చూడండి. బ్రిడ్జి వెనక అంచు కిందికి కాగితం ముక్క దూరుతోందంటే జిగురు వదిలేస్తోందన్నమాట. ఆ రోజే ఆరు తీగలూ వదులుచేసి, వాయించకుండా రిపేరుకి పంపండి.