హక్కుకు ఓటు కొలమానమా? ఆదిలాబాద్ ఏజెన్సీ భూమి, గ్రామసభ సమ్మతి – ఒక పరిశీలన

ఉపోద్ఘాతం:
ప్రజాస్వామ్యంలో నిర్ణయాలు అధికసంఖ్యాకుల అభిప్రాయం మేరకు జరుగుతాయి. అయితే సంఖ్యాబలం లేని సముదాయపు హక్కులను కూడా అదే కొలమానంతో తేల్చవచ్చునా అన్నది రాజ్యాంగశాస్త్రంలో పాత ప్రశ్న. ప్రాథమికహక్కులు ఎన్నికల ఫలితాలపై ఆధారపడరాదని 1943లో బార్నెట్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఆదిలాబాద్ ఏజెన్సీ భూమి విషయంలో ఈ ప్రశ్న ఏ రూపం తీసుకున్నదో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

చారిత్రక నేపథ్యం:
నిజాం పాలనలో అడవులు రిజర్వు కావడం, రైలుమార్గం, రహదారులు ఏర్పడడం, కరీంనగర్, మహారాష్ట్ర మైదానాల నుంచి వ్యవసాయదారులు వలస రావడం వల్ల గోండులు, కొలాములు సాగుభూమిని కోల్పోయారు. 1940లో జోడేఘాట్ వద్ద కొమురం భీం మరణించిన తరువాత ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్‌ను అధ్యయనానికి నియమించింది. 1356 ఫసలీ నాటి గిరిజన ప్రాంతాల నిబంధనకు ఆ కృషి దోహదం చేసింది. 2011 జనగణన నాటికి ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా జనాభాలో షెడ్యూల్డ్ తెగల వాటా సుమారు 18 శాతం. ఏజెన్సీ భూమిపై జిల్లా అంతటా ఓటింగ్ జరిపితే హక్కుదారులు అల్పసంఖ్యాకులుగానే మిగులుతారు.

ఓటుకు వెలుపలి రక్షణ:
ఐదవ షెడ్యూలు భూబదిలీని నియంత్రించే అధికారాన్ని గవర్నరుకు అప్పగించింది. సలహా కోసం గిరిజన సలహామండలిని ఏర్పాటు చేసింది. ఆంధ్రప్రాంతంలో వచ్చిన 1959 నాటి 1వ రెగ్యులేషన్‌ను 1963లో తెలంగాణకు విస్తరించారు. 1970 సవరణ మరొక అడుగు వేసి, గిరిజనేతరుల మధ్య జరిగే భూబదిలీలను కూడా నిషేధించింది. 1988లో పి. రామిరెడ్డి కేసులో సుప్రీంకోర్టు దీనిని సమర్థించింది. 1997 సమతా తీర్పు షెడ్యూల్డ్ ప్రాంతంలోని ప్రభుత్వభూమిని సైతం గిరిజనేతరులకు లీజుకివ్వరాదని నిర్దేశించింది.

అయితే ఈ రక్షణ సంపూర్ణం కాదు. గవర్నరు సాధారణంగా మంత్రిమండలి సలహా మేరకే వ్యవహరిస్తారు. షెడ్యూలును పార్లమెంటు సాధారణ చట్టంతోనే సవరించగలదు. చట్టం ఉన్నంత మాత్రాన అమలు జరుగుతుందన్న హామీ కూడా లేదు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గుమిగూడిన గోండులపై పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వ లెక్క ప్రకారమే 13 మంది మరణించారు. ఆనాటి ప్రధాన డిమాండ్లలో భూమి ఒకటి.

గ్రామసభ – ఎవరి ఓటు?
1996 పెసా చట్టం భూసేకరణకు ముందు గ్రామసభను సంప్రదించాలని పేర్కొన్నది. 2013లో సుప్రీంకోర్టు ఆదేశం మేరకు ఒడిశాలోని నియమగిరిలో సమావేశమైన 12 గ్రామసభలు బాక్సైట్ తవ్వకాన్ని ఏకగ్రీవంగా తిరస్కరించాయి. అక్కడ ఓటు హక్కును కాపాడింది. కారణం స్పష్టం: కొండను నమ్ముకొని బతికే వారే అక్కడ నిర్ణేతలు.

ఆదిలాబాద్ ఏజెన్సీలో గిరిజనేతరులు అధికంగా స్థిరపడిన గ్రామాల పరిస్థితి వేరు. పెసా ప్రకారం ఓటర్ల జాబితాలో ఉన్నవారందరూ గ్రామసభ సభ్యులే. పెద్ద రెవెన్యూ గ్రామాన్ని ప్రమాణంగా తీసుకుంటే ఆదివాసీ భూమిపై సమ్మతిని గిరిజనేతరులు తేల్చే ప్రమాదం ఉన్నది. ఇందుకు పరిష్కారం ఆ చట్టంలోనే కనిపిస్తుంది. తన సంప్రదాయాల ప్రకారం వ్యవహారాలను నిర్వహించుకొనే సముదాయపు ఆవాసాన్ని లేదా ఆవాసాల సముదాయాన్ని సాధారణంగా గ్రామంగా పరిగణించాలని చట్టం చెప్పింది. అంటే గూడేన్ని యూనిట్‌గా తీసుకోవడానికి చట్టంలోనే ఆధారం ఉన్నది.

ముగింపు:
హక్కుదారులు తమ హక్కును వినియోగించడానికి వేసే ఓటు వేరు, ఇతరులు ఆ హక్కు ఉండాలో వద్దో తేల్చే ఓటు వేరు. మొదటిది స్వపరిపాలన, రెండవది సంఖ్యాధిపత్యం. రెండూ గ్రామసభ పేరుతోనే జరగవచ్చు. కనుక ఏజెన్సీలో సమ్మతి తీర్మానాలను అధ్యయనం చేసేటప్పుడు ఎన్ని ఓట్లు వచ్చాయన్నదాని కంటె ముందు గ్రామసరిహద్దును ఎవరు, ఏ ప్రాతిపదికన గీశారన్నది పరిశీలించవలసి ఉన్నది.