తల్లి నడిచొచ్చే దారి పక్కన

మేడారంలో గద్దెల దగ్గరి తోపులాట కన్నా, చిలకలగుట్ట దారి పక్కన నిలబడి సమ్మక్క తల్లి రాకను చూడటమే నాకిష్టం. రెండేళ్లకోసారి మాఘమాసంలో జరిగే నాలుగు రోజుల జాతరలో ఇది రెండో రోజు ఘట్టం. ముందురోజే కన్నెపల్లి నుంచి సారలమ్మ గద్దెకు చేరుతుంది.

ఆ దారి పొడవునా ఆడవాళ్లు ముగ్గులు వేస్తారు. ఎదురుకోళ్లు పట్టుకొని కొందరు, బెల్లం ముద్దలతో కొందరు గంటల తరబడి నిలబడతారు. ఇక్కడ బెల్లమే బంగారం. పోలీసుల తుపాకీ గాలిలోకి పేలిందంటే తల్లి గుట్ట దిగినట్టే. శివసత్తులు ఊగిపోతారు. కుంకుమ భరిణె రూపంలో ఉన్న తల్లితో కోయ పూజారులు, చుట్టూ పోలీసుల తాళ్ల వలయం, వడివడిగా సాగిపోతారు. మన ముందు దాటేది క్షణాల్లోనే.

1903లో మొదలైన టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పందేనికీ జనం ఇలాగే రోడ్డు పక్కన గంటలు కాస్తారు. రెప్పపాటులో దాటిపోయే వాళ్ల కోసమే ఆ నిరీక్షణంతా. టికెట్ లేని ఆ చోటు అందరిదీ.

కాబట్టి మేడారం వెళ్లేవాళ్లకు నా మాట: మధ్యాహ్నానికే చేరుకోండి. పిల్లల్ని తాడుకు దూరంగా ఉంచండి. సెల్ఫీ కోసం ముందుకు దూకకండి. తల్లికి దారి వదలడమే మనం చెల్లించే మొదటి మొక్కు.