కుక్కపిల్ల: కొనడం తేలిక, పెంచడమే కష్టం

నగరాల్లోని మధ్యతరగతి ఇళ్లలో కుక్కపిల్లను పెంచాలన్న మోజు పెరిగింది. అయితే ధర చెల్లించడంతో ఖర్చు ముగియదు. అసలు ఖర్చు అప్పుడే మొదలవుతుంది.

8 వారాలు నిండని పిల్లలను విక్రయించరాదని కేంద్ర ప్రభుత్వం 2017లో నిబంధన విధించింది. తల్లికి మరీ ముందుగా దూరమైన పిల్ల బెదురుతోనో, కరిచే స్వభావంతోనో పెరిగే ప్రమాదముంది. ఆ వయసు దాటి వచ్చినదైనా తొలి రాత్రులు తల్లి కోసం ఏడుస్తుంది. నాలుగో నెలలో పాలపళ్లు ఊడడం మొదలుకాగానే చెప్పులు, కుర్చీకాళ్లు కొరుకుతుంది. కొట్టడం వల్ల ప్రయోజనం లేదు, భయం తప్ప.

అన్నింటికంటే పెద్ద గండం పార్వో వ్యాధి. రక్తవిరేచనాలతో రోజుల్లోనే ప్రాణం తీస్తుంది. 6 నుంచి 8 వారాల వయసులో మొదలయ్యే టీకాలను 16 వారాల వరకు వ్యవధి ప్రకారం వేయించాలి. అవి పూర్తయ్యే వరకు ఇతర కుక్కలు తిరిగే చోటికి పిల్లను తీసుకువెళ్లరాదు. కనుక మలమూత్ర విసర్జనకు పెరటిలోనో, బాల్కనీలోనో ఒకే చోటును అలవాటు చేయాలి. 3 నెలలు నిండగానే రేబిస్ టీకా తప్పనిసరి.

శీతల దేశాల హస్కీ, సెయింట్ బెర్నార్డ్ జాతులకు మన ఎండలు దుర్భరం. ముధోల్, రాజపాళయం వంటి దేశీయ జాతులు ఎండను తట్టుకుంటాయి గానీ, వాటికి పరుగెత్తే జాగా కావాలి.

ఈ భారం మోయలేక కొందరు పిల్లను వీధిపాలు చేస్తున్నారు. ఆకలిదప్పులకు జంతువును అలా వదిలివేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. కుక్కకాటు వల్ల వచ్చే రేబిస్‌ను 2030 నాటికి అంతమొందించాలన్నది దేశం పెట్టుకున్న లక్ష్యం. టీకా లేకుండా వీధికెక్కిన ప్రతి కుక్కపిల్లా ఆ లక్ష్యాన్ని మరింత దూరం చేస్తుంది.