టీకా వేయించినా విరేచనాలెందుకు?

"పాపకు రోటా చుక్కలు వేయించాం గదా డాక్టరుగారూ, మళ్ళీ ఈ నీళ్ళ విరేచనాలేమిటి?" నిర్మల్ చుట్టుపక్కల తల్లులు తరచు అడిగే ప్రశ్న ఇది. అడగవలసిన ప్రశ్నే.

రోటా వైరస్‌ను 1973లో మెల్‌బోర్న్‌లో రూత్ బిషప్ బృందం కనుగొన్నది. చూడటానికి బండిచక్రంలా ఉంటుంది కనుక ఆ పేరు వచ్చింది. లాటిన్ భాషలో రోటా అంటే చక్రం. ఇది ఒకే రకం కాదు. పైపొరలోని రెండు ప్రోటీన్లను బట్టి దీన్ని 'జి' రకాలు, 'పి' రకాలు అని విడదీస్తారు. దీని జన్యుపదార్థం 11 ముక్కలుగా ఉంటుంది. రెండు రకాలు ఒకే బిడ్డ పేగులో చేరితే, రెండు పేకకట్టలు కలిపినట్టు ముక్కలు కలిసిపోయి కొత్త రకం పుట్టవచ్చు.

మన టీకా పుట్టుకలోనూ ఈ కలయిక ఉంది. 1980లలో ఢిల్లీలో కొందరు నవజాత శిశువులకు ఒక రోటా వైరస్ సోకినా జబ్బు చేయలేదు. అందులో ఒక ముక్క పశువుల వైరస్‌ది. దాని నుంచే హైదరాబాదులోని భారత్ బయోటెక్ టీకా తయారుచేసింది. 2014లో అనుమతి వచ్చింది. ప్రభుత్వ టీకాల కార్యక్రమంలో రోటా చుక్కలు 2016లో ఆంధ్రప్రదేశ్‌తో సహా నాలుగు రాష్ట్రాల్లో మొదలై, 2019లో దేశమంతటికీ విస్తరించాయి.

పరీక్షల్లో ఈ టీకా మొదటి ఏడాదిలో తీవ్రమైన రోటా విరేచనాలను సుమారు 56 శాతం తగ్గించింది. వేర్వేరు రకాల మీదా పనిచేసింది. అంటే రక్షణ ఉంది గాని, నూటికి నూరుపాళ్ళు కాదు. పైగా విరేచనాలకు ఇతర క్రిములూ కారణమవుతాయి. వాటిని ఈ చుక్కలు ఆపలేవు. కనుక "టీకా పనికిరాదు" అనుకోకండి. 6, 10, 14 వారాలకు మూడు మోతాదులూ తప్పక వేయించండి.

వైరస్ ఏ రకమైనా ఇంట్లో చేయవలసింది ఒక్కటే. పళ్ళు వస్తున్నాయనో, దిష్టి తగిలిందనో ఊరుకోకండి. తల్లిపాలు మానకండి. ఓ.ఆర్.ఎస్. పొట్లం మొత్తాన్ని దానిమీద రాసినన్ని నీళ్ళలో, కాచి చల్లార్చిన నీళ్ళలోనే కలపండి. రెండేళ్ళలోపు బిడ్డకు విరేచనమైనప్పుడల్లా పావు నుంచి అరకప్పు వరకు చెంచాతో పట్టండి. వాంతి చేసుకుంటే పది నిమిషాలాగి మళ్ళీ పట్టండి. కలిపిన నీళ్ళు 24 గంటలు దాటితే పారబోయండి. జింకు మాత్రలు డాక్టరు చెప్పిన మోతాదులో 14 రోజులూ వేయండి, విరేచనాలు తగ్గినా మానకండి. వైరస్ మీద యాంటీబయాటిక్‌లు పనిచేయవు. మందుల దుకాణంలో అడిగి కొనకండి.

కళ్ళు లోతుకుపోయినా, మాడు గుంటపడినా, బిడ్డ పాలు తాగకపోయినా, మగతగా పడి ఉన్నా, మూత్రం తగ్గినా, విరేచనంలో రక్తం కనిపించినా తెల్లారేదాకా ఆగకండి. దారి పొడుగునా ఓ.ఆర్.ఎస్. పడుతూ వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. పసిపిల్లల ఒంట్లో నీరు గంటల్లోనే తగ్గిపోతుంది.