గాలి ఎవరి చేతిలో ఉంటే...

అంతరిక్ష కాలనీల గురించి మాట్లాడేవాళ్లు ఎక్కువగా రాకెట్ల దగ్గరే ఆగిపోతారు. అసలు చిక్కు గాలి దగ్గర మొదలవుతుంది. 1991లో అమెరికాలోని అరిజోనాలో బయోస్ఫియర్-2 అనే గాజు భవనంలోకి ఎనిమిది మంది రెండేళ్ల కోసం వెళ్లి తలుపులు మూసుకున్నారు. మట్టిలోని సూక్ష్మజీవులు ఆక్సిజన్‌ను తినేశాయి. అవి వదిలిన కార్బన్ డయాక్సైడ్‌లో చాలా భాగాన్ని కాంక్రీటు పీల్చుకోవడంతో మొక్కలకూ అది దక్కలేదు. దాదాపు 21 శాతం ఉండాల్సిన ఆక్సిజన్ 14 శాతం దాకా పడిపోయింది. మెట్లెక్కితే ఆయాసం, పైగా అర్ధాకలి. నలుగురేసి రెండు వర్గాలై ఎడమొహం పెడమొహం అయ్యారు. చివరికి 1993లో బయటి నుంచి ఆక్సిజన్ పంపాల్సి వచ్చింది.

అంగారకుడిపై ఆ ‘బయట’ ఉండదు. గాలి తయారుచేసే యంత్రం ఒక్కరి గుప్పిట్లో ఉంటే వాళ్లను ఎదిరించడం ఎవరి తరం? జలాంతర్గాముల్లో, అంటార్కిటికా శిబిరాల్లో కఠిన క్రమశిక్షణతో బతకడం లేదా అంటారు కొందరు. నిజమే, కానీ వాళ్లకు తిరుగు ప్రయాణం ఉంది. కాలనీలో పుట్టే బిడ్డ ఏ షరతుకూ ఒప్పుకుని వచ్చినవాడు కాదు. 1967 నాటి అంతరిక్ష ఒప్పందం వాహనాన్ని నమోదు చేసుకున్న దేశానికే అందులోని మనుషులపైనా అధికారం ఇస్తుంది. వాళ్ల పౌరహక్కుల గురించి విడిగా ఏమీ చెప్పదు. అందుకే ఒక పెద్ద యంత్రం కన్నా వేర్వేరు చేతుల్లో నడిచే చిన్న యంత్రాలే మేలు. ఖర్చు పెరుగుతుందా, పెరగనీ.