పైన నలుగురు, కింద రెండు వందల మంది

లెక్కల్లో ముందు వరసలో నిలిచే పిల్లలు అమెరికాలో 10 మంది ఉంటే భారత్‌లో నలుగురు ఉంటారు. బాగా వెనకబడినవాళ్లు అక్కడ 10 మంది ఉంటే ఇక్కడ 200 మంది. ఆర్థికవేత్త జిష్ణు దాస్ మరో పరిశోధకుడితో కలిసి తేల్చిన లెక్క ఇది. 2010లో అచ్చయింది. రాజస్థాన్, ఒడిశాల్లో హైస్కూలు పిల్లలకు అంతర్జాతీయ పరీక్షల ప్రశ్నలు ఇచ్చి, వచ్చిన మార్కులను 51 దేశాల పిల్లల మార్కులతో పోల్చారు. రెండు రాష్ట్రాలూ 43 దేశాల కంటే కింద నిలిచాయి. అది ఊహించిందే. అసలు సంగతి వేరే ఉంది. బాగా వచ్చినవాళ్లకూ ఏమీ రానివాళ్లకూ మధ్య దూరంలో ఈ రెండు రాష్ట్రాలను మించింది దక్షిణాఫ్రికా ఒక్కటే.

రెండు రాష్ట్రాలను దేశానికంతటికీ నమూనాగా తీసుకుంటేనే ఈ లెక్క నిలుస్తుందని వాళ్లే చెప్పారు. పైగా ఇవి శాతాలు కావు, తలల లెక్క. మన పిల్లల సంఖ్య అమెరికా కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అందుకే శాతంలో పిసరంతే అయినా, మన టాపర్లు ఏ దేశానికి వెళ్లినా గుంపుగానే కనిపిస్తారు. 2024 అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్‌లో భారత జట్టు 4 స్వర్ణాలతో నాలుగో స్థానంలో నిలిచింది. అదీ నిజమే, ఆ 200 మందీ నిజమే.

ఇప్పుడు మన దగ్గరికొద్దాం. 2024 జేఈఈ మెయిన్‌ను 14 లక్షల మందికి పైగా రాస్తే, 56 మందికి 100 పర్సంటైల్ వచ్చింది. వాళ్లలో 15 మంది తెలంగాణ, ఏడుగురు ఆంధ్రప్రదేశ్. అంటే ప్రతి ఐదుగురిలో ఇద్దరు ఈ రెండు రాష్ట్రాలవాళ్లే. (ఈ లెక్కలో రాష్ట్రమంటే ఇంటర్ చదివిన చోటు. సొంతూరు ఎక్కడైనా కావచ్చు.) ఫలితాలొచ్చిన రోజు టీవీల్లో ‘ఒకటి, ఒకటి, రెండు, రెండు, మూడు’ అంటూ మోగిపోయే కాలేజీల ర్యాంకుల ప్రకటనలు మనకు కొత్త కాదు.

ఇవే రాష్ట్రాలు, ఇంకో కొలత. ప్రథమ్ సంస్థ 2005 నుంచి అసర్ సర్వే చేస్తోంది. వాలంటీర్లు పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి, పిల్లల చేతికి ఒక కాగితమిచ్చి చదివిస్తారు. మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 2018లో ఆంధ్రప్రదేశ్‌లో 22.6 శాతం, తెలంగాణలో 18.1 శాతం. కోవిడ్ తర్వాత 2022లో అవి 10.3కు, 5.2కు పడిపోయాయి. తెలంగాణ పల్లెల్లో వంద మందిలో ఐదుగురన్నమాట. ప్రభుత్వ, ప్రైవేటు బడులు రెండూ కలిపిన లెక్కే ఇది. కోవిడ్ దెబ్బ తీసింది, కాదనలేం. కానీ కోవిడ్‌కు ముందు కూడా ఐదుగురిలో నలుగురు ఆ పాఠం చదవలేకపోయారు కదా!

దేశం మొత్తానికి 2024 అసర్ 605 జిల్లాల్లో దాదాపు ఆరున్నర లక్షల మంది పిల్లలను కలిసింది. మూడో తరగతిలో కనీసం తీసివేత వచ్చినవాళ్లు 33.7 శాతం. మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవాళ్లు ఐదో తరగతిలో 30.7 శాతం, ఎనిమిదిలో 45.8 శాతం. ఎనిమిదేళ్లు బడికి వెళ్లాక కూడా సగానికి పైగా పిల్లలకు భాగహారం రాదు.

ఈ వెనకబాటు ఎలా పేరుకుంటుందో ఒక తీసివేతలో చూడొచ్చు. 46 లోంచి 29 తీసెయ్యాలి. ఒకట్ల స్థానంలో 6 లోంచి 9 పోదు, పదుల స్థానం నుంచి అప్పు తెచ్చుకోవాలి. అది అర్థం కాని పిల్లవాడు పెన్సిల్ ఆపడు. పెద్ద అంకెలోంచి చిన్నదాన్ని తీసేస్తాడు. 9 లోంచి 6 పోతే 3, 4 లోంచి 2 పోతే 2, జవాబు 23. అనుభవమున్న టీచర్‌కు లోపమెక్కడో చూడగానే తెలిసిపోతుంది. పిల్లవాడికి స్థానవిలువ పట్టుబడలేదు. పది పుల్లల కట్టలు ముందేసుకుని కూర్చోబెడితే నేర్పగలిగిందే. కానీ ఆ పాఠం కింది తరగతిలోనే అయిపోయింది. ఇప్పుడు బోర్డు మీద భిన్నాలు నడుస్తున్నాయి, వచ్చే నెల దశాంశాలు. వాడు బోర్డు మీదున్నది నోట్సులోకి ఎక్కించుకుంటాడు, చేతిరాత ముత్యాల్లా ఉంటుంది, టీచర్ టిక్కు పెడతారు.

టీచర్‌ను తప్పుపట్టడం తేలిక. కానీ విద్యాహక్కు చట్టంలోని 24వ సెక్షన్ నిర్ణీత గడువులోగా మొత్తం సిలబస్ పూర్తి చేయడాన్ని ఉపాధ్యాయుల విధిగా పెట్టింది. అదే సెక్షన్ పిల్లవాడి సామర్థ్యం చూసి అవసరమైతే అదనంగా నేర్పమనీ అంటుంది. తనిఖీకి వచ్చే అధికారి మాత్రం మొదట అడిగేది ‘సిలబస్ ఎంతవరకు వచ్చింది?’ అనే.

ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్ బృందం 2015లో ఢిల్లీ ప్రభుత్వ బడుల పిల్లలను పరీక్షిస్తే, ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనక ఉన్నారు. పై తరగతులకు పోయేకొద్దీ ఆ దూరం ఇంకా పెరిగింది. నా దృష్టిలో ఇంతకంటే గట్టి సంగతి ఇంకొకటి ఆ అధ్యయనంలోనే ఉంది. మామూలుగా బడికి పోయిన పిల్లల్లో మార్కుల ప్రకారం అట్టడుగున ఉన్న మూడో వంతు మంది పరీక్షించిన ఆ కొన్ని నెలల్లో ముందుకు కదిలింది దాదాపు సున్నా. హాజరుపట్టీలో పేరుంది, చదువు మాత్రం ఉన్నచోటే ఉంది. సాయంత్రాలు కంప్యూటర్ మీద ఎవరి స్థాయికి తగ్గ పాఠం వాళ్లకు ఇస్తే, ఆ అడుగువాళ్లు కూడా మిగతావాళ్లతో సమానంగానే నేర్చుకున్నారు. వాళ్లకు రాదని కాదు, వాళ్లకు తెలిసిన చోటినుంచి ఎవరూ మొదలుపెట్టలేదు.

ప్రైవేటు బడికి మారిస్తే సరిపోతుందా? దీనికి జవాబు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే వెతికారు. 2008 నుంచి నాలుగేళ్లపాటు 180 ఊళ్లలో లాటరీ తీసి, గెలిచిన పిల్లలకు ప్రైవేటు బడి ఫీజు కట్టారు. నాలుగేళ్ల తర్వాత తెలుగులో, లెక్కల్లో వాళ్లకూ మిగతావాళ్లకూ తేడా లేదు. హిందీ మాత్రం ఎక్కువొచ్చింది. ప్రైవేటు బడులు తక్కువ ఖర్చుతో, తెలుగు, లెక్కలకు తక్కువ సమయమే ఇచ్చి అదే ఫలితం తెచ్చాయి, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ పునాది మారలేదు.

పదో తరగతి ఉత్తీర్ణత శాతాలను చూసి ధైర్యం తెచ్చుకోవడం కూడా కష్టమే. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 67.26 శాతం, 2024లో 86.69, 2025లో 81.14. పిల్లల చదువు రెండేళ్లలో దాదాపు ఇరవై పాయింట్లు పెరిగి, మరుసటి ఏడాదే ఐదున్నర పాయింట్లు తగ్గదు. 2022లో ఫెయిలైనవాళ్లు 2 లక్షల మంది. వాళ్లలో ఎంతమంది ఏ తరగతి లెక్క దగ్గర ఆగిపోయారో ఫలితాల షీటులో ఉండదు. అందులో ఉండేది సబ్జెక్టు, మార్కులు, గ్రేడు.

కేంద్రం 2021 జులైలో నిపుణ్ భారత్ ప్రారంభించింది. మూడో తరగతి దాటేలోగా ప్రతి బిడ్డకూ చదవడం, మామూలు లెక్కలు రావాలన్నది లక్ష్యం, గడువు 2026-27. 2024 అసర్‌లో రెండో తరగతి పాఠం చదవగలిగిన మూడో తరగతి పిల్లలు 27.1 శాతం. ప్రభుత్వ బడుల్లో 2022లో 16.3 శాతం ఉన్నది 23.4కు పెరిగింది. రెండేళ్లలో ఏడు పాయింట్లు చిన్న విషయమేమీ కాదు. ఇదే వేగంతో వెళితే గడువు నాటికి మూడో వంతుకు చేరతాం.