పాత వరుస పోవాలి, కొత్త అంకె రావాలి

బ్రౌజర్ ప్రతి వెబ్ పేజీనీ ఒక చెట్టులా గుర్తుపెట్టుకుంటుంది. పట్టిక ఒక కొమ్మ, అందులోని వరుస రెమ్మ, వరుసలోని అంకె ఆకు. ఈ చెట్టు పేరు డామ్ (DOM). కృష్ణకు వరద వచ్చిన రోజుల్లో జూరాల, శ్రీశైలం, నాగార్జునసాగర్ నీటిమట్టాలు చూపే పేజీ ఒకటి ఉందనుకుంటే ఈ చెట్టుతో వచ్చే సమస్య తేలిగ్గా అర్థమవుతుంది. జూరాల పూర్తి మట్టం 1,045 అడుగులు, శ్రీశైలానిది 885, సాగర్‌ది 590. ఈ అంకెలు మారవు. ఇన్‌ఫ్లో మాత్రం గంటగంటకూ మారుతుంది. ఆ ఒక్క అంకె కోసం పేజీ అంతా చెరిపి మళ్లీ గీయాలా?

తొలినాళ్లలో గీయాల్సిందే. ప్రతి మార్పుకూ సర్వర్ నుంచి కొత్త పేజీ వచ్చేది. 2005 నాటికి ఎజాక్స్ అన్న పేరు వచ్చి, కావలసిన సమాచారం మాత్రమే తెప్పించుకోవడం మామూలైంది. 2006లో జాన్ రెసిగ్ విడుదల చేసిన జేక్వెరీ చెట్టులో కోరిన ఆకును పట్టుకోవడం సులువు చేసింది. కానీ ఏది మార్చాలో, ఏది తీసేయాలో ప్రోగ్రామర్‌కే గుర్తుండాలి. పేజీ పెద్దదయ్యేకొద్దీ ఎక్కడో ఒకచోట మరుపు తప్పదు. ఇన్‌ఫ్లో కొత్తది, పక్కన ఎత్తిన గేట్ల సంఖ్య పాతది.

ఫేస్‌బుక్‌లో పనిచేస్తున్న జోర్డాన్ వాక్ ఈ బరువును యంత్రం మీద పెట్టారు. ఆయన రూపొందించిన రియాక్ట్ 2013 మేలో అందరికీ అందుబాటులోకి వచ్చింది. మార్పు జరిగినప్పుడల్లా పేజీ ఎలా ఉండాలో ప్రోగ్రామ్ పూర్తిగా చెబుతుంది. అయితే ఆ మాట నేరుగా తెర మీదికి పోదు. మెమరీలో తేలికైన నమూనా చెట్టు తయారవుతుంది. దాన్ని పాత నమూనాతో పోల్చి, తేడా ఉన్నచోటే రియాక్ట్ అసలు డామ్‌ను ముట్టుకుంటుంది. మగ్గం మీద పడుగు అయిపోతే గద్వాల నేతకారులు మగ్గమంతా విప్పరు. పాత పోగుల కొసలకు కొత్త పోగులను ఒక్కొక్కటిగా అతుకుతారు. ఉన్న అమరికను కాపాడుకోవడమే రెండుచోట్లా అసలు పొదుపు.

పోల్చడం మాత్రం చిన్న పని కాదు. రెండు చెట్ల మధ్య అతి తక్కువ మార్పులు వెతికే సాధారణ పద్ధతిలో 1,000 మూలకాలకు దాదాపు 100 కోట్ల పోలికలు కావాలి. రియాక్ట్ రెండు ఊహలతో దీన్ని దాటింది. మూలకం రకం మారితే దాని కింద ఉన్నదంతా పోల్చకుండానే తీసేసి కొత్తగా కడుతుంది. ఒకే రకం వరుసలు చాలా ఉంటే ప్రతిదానికీ ఇచ్చిన ‘కీ’ చూసి గుర్తుపడుతుంది. ఈ రెండోదే రియాక్ట్ మొత్తంలో అందమైన ఏర్పాటు.

పట్టికను ఇన్‌ఫ్లో ప్రకారం పేర్చారనుకుందాం. వరద మొదట జూరాలకు చేరుతుంది కాబట్టి అదే పైన ఉంటుంది. దాని పక్కన చదువరి ‘హెచ్చరిక పంపు’ అని టిక్కు పెట్టారు. జూరాల దిగువన, అలంపురం దగ్గర తుంగభద్ర కృష్ణలో కలుస్తుంది. ఆ నీరూ తోడై శ్రీశైలం ఇన్‌ఫ్లో పెరిగి అది పైకి వస్తుంది. వరుస సంఖ్యనే కీగా ఇస్తే టిక్కు మొదటి వరుసలోనే ఉండిపోయి శ్రీశైలానికి అంటుకుంటుంది. ప్రాజెక్టు పేరు కీ అయితే టిక్కు జూరాలతోపాటే కిందికి దిగుతుంది. కీని కావాలనే మార్చడమూ పనికొస్తుంది. మరో ప్రాజెక్టు ఎంచుకోగానే సగం నింపిన పాత ఫారం పోయి ఖాళీది రావాలంటే, ప్రాజెక్టు పేరును ఆ ఫారానికి కీగా ఇస్తే చాలు.

తెర మీంచి తీసేసినంత మాత్రాన వరుస నిజంగా పోయినట్టు కాదు. నిమిషానికోసారి ఇన్‌ఫ్లో అడగమని అది టైమర్ పెట్టి ఉంటే, ఆ టైమర్ నడుస్తూనే ఉంటుంది. టైమర్ ఫంక్షన్‌ను పట్టుకుంటుంది, ఫంక్షన్ వరుసను పట్టుకుంటుంది. వాడకం ఉందనుకుని బ్రౌజర్ ఆ మెమరీని విడిపించదు. 2019 ఫిబ్రవరిలో రియాక్ట్‌లోకి వచ్చిన హుక్స్ దీనికి చక్కని దారి చూపాయి. యూజ్‌ఎఫెక్ట్ అనే హుక్‌లో టైమర్‌ను మొదలుపెట్టినచోటే దాన్ని ఆపే ఫంక్షన్‌నూ తిరిగి ఇవ్వాలి. వరుస పోయేటప్పుడూ, ఎఫెక్ట్ ఆధారపడిన విలువ మారి అది మళ్లీ నడిచే ముందూ రియాక్ట్ దాన్ని పిలుస్తుంది. 2022లో వచ్చిన రియాక్ట్ 18 స్ట్రిక్ట్ మోడ్‌లో, తయారీ దశలో ప్రతి కాంపొనెంట్ ఎఫెక్ట్‌నూ ఒకసారి నడిపి, ఆపి, మళ్లీ నడుపుతుంది. శుభ్రం చేయడం మరిచిన చోటు అక్కడే బయటపడుతుంది.

ఇదే పనికి వేరే దారులూ ఉన్నాయి. ఇవాన్ యూ 2014లో తెచ్చిన వ్యూ ఏ డేటాను ఎవరు చదివారో గమనిస్తుంది. రిచ్ హారిస్ 2016లో తెచ్చిన స్వెల్ట్ నమూనా చెట్టు లేకుండానే, కోడ్‌ను ముందే సిద్ధం చేసి నడుస్తుంది. వెళ్లిపోయేటప్పుడు శుభ్రం చేసే ఏర్పాటు మాత్రం రెండింటిలోనూ ఉంది.

ఈ పని నేర్చుకునేవారు పేజీలో జూరాల నుంచి శ్రీశైలానికి మారాక బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి రెండు నిమిషాలు చూడాలి. జూరాల కోసం ఇంకా అభ్యర్థనలు వెళుతుంటే, ఆపే ఫంక్షన్ ఎక్కడో రాయలేదన్నమాట.